ఉత్తరం పెరట్లో ఎనిమిది ఎత్తుమడులు: అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి చూడండి

కొత్తకాపు (ఘట్‌కేసర్), మే 12

రెండేళ్లుగా ఈ ఇంటితోటల ఫోరంలో చదివిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. సంక్రాంతికి సొంతింట్లోకి వచ్చాం. 30 × 60 ప్లాటు, 200 గజాలు, దక్షిణం ఫేసింగ్. కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం. ఇంటి వెనక, అంటే ఉత్తరాన, 30 అడుగుల వెడల్పు, 25 అడుగుల లోతు ఖాళీ వదిలించాను. కూరగాయల కోసమే. తూర్పు ప్లాటు ఖాళీ. పడమర పక్కన మా ఇంటంత ఇల్లే ఉంది.

నేల మొరం. దానికి తోడు ఇల్లు కట్టినప్పుడు పారేసిన కాంక్రీటు పెళ్లలు, టైల్స్ ముక్కలు. గడ్డపార వేస్తే తిరిగి చేతికే దెబ్బ. అందుకే పైన మన్ను పోసి రైజ్డ్ బెడ్లు, అదే ఎత్తుమడులు, వేద్దామని. ప్లాన్ ఇదీ: 8 × 4 అడుగుల చెక్క పెట్టెలు ఎనిమిది, అడుగు ఎత్తు, నాలుగేసి చొప్పున రెండు వరసలు, మధ్యలో మూడడుగుల దారులు. ఎక్సెల్‌లో రంగులేసి మరీ గీశాను. టమాట, వంగ, బెండ, క్యారట్, క్యాప్సికం, బ్రోకలీ, ఆకుకూరలు, ఒకదాంట్లో స్ట్రాబెర్రీ. ఎండకి ఢోకా లేదు. పది రోజులుగా చూస్తున్నాను, పొద్దున ఏడు నుంచి నాలుగింటి దాకా పెరడంతా మాడిపోతోంది.

కార్పెంటర్ 60 వేలు అన్నాడు, మన్ను ఖర్చు కాక. మృగశిర లోపు అయిపోవాలని టెన్షన్. తప్పులుంటే చెప్పండి.

గట్టుమీద_గోంగూర (గుంటూరు), మే 12

అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి బాబూ.

మొదటిది, చెక్క. మన నేలల్లో తడిమన్నుకి ఆనించి చెక్క పెడితే అది మడి కాదు, చెదలకి పెట్టిన విస్తరి. మా ఆడపడుచు మామిడి చెక్కతో చేయించింది. రెండో వర్షాకాలానికి చేత్తో నలిపితే పొడైంది. టేకు అయితే ఇంకొన్నాళ్లు ఆగుతుంది, కానీ టేకు పెట్టి తోటకూర పెంచేవాళ్లకి నేను చెప్పేదేం లేదు.

రెండోది, ఎనిమిది. 8 × 4 మడికి మండుటెండల్లో రోజుకి దాదాపు 20 లీటర్లు పడతాయి. ఎత్తుమడి నేల కన్నా త్వరగా ఆరుతుంది కూడా. ఎనిమిది మడులంటే 160 లీటర్లు. ఏప్రిల్లో మీ బోరు ఆ మాట వింటుందా? ఊరెళితే ఎవరు పోస్తారు? రెండు మడులతో మొదలుపెట్టండి. ఏడాది తర్వాత మూడోది అడగండి, అప్పుడు మాట్లాడదాం.

తాండూరు_బండ (వికారాబాద్), మే 12

అక్క చెప్పింది నిజం. అన్నా, మీకు పక్కనే బండలు దొరుకుతుంటే చెక్క ఎందుకు? రెండడుగుల తాండూరు బండలు తీసుకుని నిలువుగా పాతండి. తొమ్మిది అంగుళాలు లోపల, పదిహేను అంగుళాలు పైన. చెదల్లేవు, తుప్పు లేదు, రంగు వేయక్కర్లేదు. పాలిష్ చేసినవి వద్దు, గరుకువి, మూల విరిగినవి అడిగితే ఇంకా తక్కువకి ఇస్తారు. కడప బండ కూడా పనికొస్తుంది గానీ పలుచగా ఉంటే గడ్డపార తగిలి పగులుతుంది.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), మే 13

ప్లాన్ శుభ్రంగా గీశారు. కానీ మీరు ఎండని మే నెలలో కొలిచారు. అక్కడే చిక్కు.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు, నిలువు కర్రకి నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు 3 దాకా సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే మీ ఇంటి నీడ వీధి వైపు పడుతుంది, పెరడంతా ఎండే. మీరు పది రోజులు చూసింది ఇదే.

ఇప్పుడు డిసెంబరు 21కి రండి. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 లోంచి 17.4, 23.4 తీసేస్తే సుమారు 49 డిగ్రీలు. మీ ఇల్లు రెండు అంతస్తులు, పిట్టగోడతో కలిపి 23 అడుగులు అనుకుందాం. 23ని టాన్ 49తో, అంటే 1.15తో, భాగిస్తే 20. ఇంటి గోడ నుంచి 20 అడుగుల దాకా మిట్టమధ్యాహ్నం కూడా నీడే. మీ పెరడు లోతు 25. మిగిలింది ఉత్తరం ప్రహరీ పక్కన ఐదడుగుల పట్టీ.

ఉదయం తొమ్మిదింటికి నీడ ఇంకా పొడుగు, కానీ పడమరకి వాలిపోతుంది. తూర్పు ప్లాటు ఖాళీ అన్నారు కాబట్టి ఆ వైపు అంచుకి పొద్దుటి ఎండ తగులుతుంది. పడమర మూలకి పక్కింటి నీడ కూడా తోడవుతుంది. మన దగ్గర టమాటకి, క్యాబేజీకి అసలు కాలం శీతాకాలమే కదా. మీ ఎనిమిది పెట్టెల్లో ఐదారు డిసెంబరుకి అటూ ఇటూ రెండు నెలలు నీడలో ఉంటాయి.

నమ్మకం లేకపోతే రాత్రి ఫోన్ టార్చ్‌తో, ఒక అట్టపెట్టెతో చూసుకోండి.

కొత్తకాపు (ఘట్‌కేసర్), మే 13

మాస్టారూ, మీ పోస్టు చదివి మెట్లెక్కి టేపు పెట్టి కొలిచా. 23 అడుగుల రెండు అంగుళాలు. కార్పెంటర్‌కి ఫోన్ చేసి ఆపమన్నాను.

మరి ఆ ఐదడుగుల పట్టీలోనే వేయాలా? ఇంకో సమస్య. మా అత్తగారు ప్లాన్ చూసి ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, ఎత్తు చేయకూడదు అంటున్నారు. పట్టీలో ఈశాన్యం మూల కూడా ఉందాయె.

గట్టుమీద_గోంగూర (గుంటూరు), మే 13

అత్తగారితో వాదన పెట్టుకోకండి, తోటకి నీళ్లు పోసేది ఆవిడే అవుతారు చూడండి. ఈశాన్యం మూల ఓ ఆరడుగులు వదిలేయండి. అక్కడ నేలమట్టంగా చిన్న గుంట తీసి మంచిమన్ను నింపి తులసి, పుదీనా పెట్టండి. బరువూ లేదు, ఎత్తూ లేదు. వాస్తు వాళ్లకి పుదీనాతో పేచీ ఉన్నట్టు నేను వినలేదు.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), మే 13

ఉత్తరం ప్రహరీ వెంబడి ఒకే పొడుగు మడి వేయండి. గోడకి మాత్రం ఆనించకండి. తడిమన్ను ఆనితే గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతుంది. ఒక అడుగు సందు వదిలి రెండున్నర అడుగుల వెడల్పు చాలు. ఒకవైపు నుంచే చెయ్యి పెట్టాలి కాబట్టి అంతకు మించితే అవతల అంచు అందదు. రెండు వైపులా తిరగగలిగే మడికే నాలుగడుగులు.

తీగల పందిరి మడికి ఉత్తరపు అంచున కట్టండి. నీడ గోడ మీద పడుతుంది తప్ప మిగతా మొక్కల మీద పడదు. రెండో మడి 8 × 4ది తూర్పు అంచున. అంతే.

తాండూరు_బండ (వికారాబాద్), మే 13

బండలు పాతడానికి రాత్రి పైపు పెట్టి నేల నానబెట్టి పొద్దున తవ్వించండి, మొరమైనా దిగుతుంది. అసలే దిగకపోతే ఎనిమిది అంగుళాల ఎత్తు సిమెంటు ఇటుకలు రెండు వరసలు పేర్చుకోండి, సిమెంటు పూయకుండా. రేపు జరపాలన్నా జరపొచ్చు. కానీ బండే అందం.

ఎర్రమన్ను_బాధితుడు (మియాపూర్), మే 14

నా పేరే నా కథ. ట్రాక్టర్ ట్రాలీ ‘ఫస్ట్ క్లాస్ ఎర్రమన్ను’ అని దింపించుకున్నా. చూస్తే కుంకుమలా ఉంది. నారు పెట్టాక రెండు వానలకి పైన పెంకు కట్టింది, ఎండకి ఇటుకలా బిగిసింది. తర్వాత తెలిసింది, ఎక్కడో అపార్టుమెంటు సెల్లార్ తవ్విన మన్నట. పదడుగుల కింది మన్నులో ప్రాణం ఎక్కడ ఉంటుంది? పొలం పైపొర మన్ను వేరు, గోతిలోంచి తీసింది వేరు. రంగు ఒకటే.

ట్రాలీ దింపకముందే ఒక గాజు సీసాలో మూడో వంతు మన్ను వేసి, నీళ్లు నింపి బాగా గిలకొట్టి ఒక రోజు వదిలేయండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంక పొరలుగా తేరుకుంటాయి. బంక సగం దాకా ఉంటే ట్రాలీ వెనక్కి పంపండి. గుప్పెడు తడిమన్ను పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నేను ఈ రెండూ చేయలేదు.

కొత్తకాపు (ఘట్‌కేసర్), మే 14

థాంక్స్ అన్నా. ఎంత మన్ను కావాలో లెక్కేశాను: ఉత్తరం మడి 16 × 2.5, తూర్పు మడి 8 × 4, రెండూ 15 అంగుళాల ఎత్తు. 50 ప్లస్ 40, మొత్తం 90 ఘనపుటడుగులు. మాస్టారూ, కరెక్టేనా?

ఇంకో డౌటు. కూలీల షెడ్డుకి వేసిన పాత సిమెంటు రేకులు ఓ పది పడున్నాయి. వాటిని అడ్డంగా కోసి మడి గోడలకి వాడితే బండల ఖర్చు తప్పుతుంది కదా? అడుగున కాస్త కంకర, థర్మోకోల్ వేస్తే మన్ను కూడా తగ్గుతుందని ఒక వీడియోలో చూశా.

సిమెంటు_సంచి (రాజమండ్రి), మే 14

వద్దు, వద్దు. సివిల్ పనిలో 20 ఏళ్లున్నాను. ఆ పాత రేకుల్లో ఎక్కువ శాతం ఆస్బెస్టాస్ కలిపినవే. కోసినా, విరిచినా సన్నటి పీచు గాల్లోకి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తీసుకెళ్లే పదార్థం. పిల్లలున్న ఇంట్లో కోత మిషన్ పెట్టి ఆ రేకులు కోయడమా! విరక్కుండా తడిపి పక్కన పెట్టించండి. పాత రైలు స్లీపర్ చెక్కలు ఎవరైనా అమ్మినా తీసుకోకండి, వాటికి క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టించి ఉంటారు.

కంకర కూడా వద్దు. మడికి అడుగు నేలే కదా, నీళ్లు దిగడానికి కంకరెందుకు? మన్ను, కంకర కలిసే చోట నీరు దిగకుండా పైనే నిలుస్తుంది. అడుగు నేలని గునపంతో ఓ ఆరు అంగుళాలు కదిలించి, పెళ్లలు ఏరి, దాని మీద అట్టపెట్టెలు పరిచి మన్ను పోయండి. అట్టకున్న ప్లాస్టిక్ టేపు పీకేసి.

గట్టుమీద_గోంగూర (గుంటూరు), మే 14

థర్మోకోల్ బదులు ఎండాకులు, కొబ్బరి పీచు, వరిగడ్డి నాలుగంగుళాలు తొక్కి వేయండి. కుళ్లి ఎరువవుతుంది. కాకపోతే మన్ను మొదటి రెండు వానలకే కుంగుతుంది, ఓ పది తట్టలు మిగుల్చుకోండి.

మిశ్రమం నేను కలిపేది: మూడు తట్టల మన్ను, రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కోకోపీట్ (కొబ్బరి పొట్టు). మీ 90 అడుగులకి 45, 30, 15 వస్తుంది. కోకోపీట్ ఐదు కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల పైనే పొంగుతుంది, ఆరు దిమ్మలు చాలు. దాన్ని రెండు మూడు నీళ్లు పోసి కడిగి పిండండి, ఉప్పు పోవాలి. వేపపిండి మర్చిపోకండి. పచ్చిపేడ మాత్రం వేయకండి, వేరుపురుగుని ఇంటికి పిలిచినట్టే. బస్తాల్లో అమ్మే వానపాముల ఎరువు కొంటే ఒక బస్తా ముందు విప్పి వాసన చూడండి. నాకు ఒకసారి మూడు బస్తాల నల్లమన్ను అంటగట్టారు.

రైతుబిడ్డ (ఖమ్మం), మే 15

మూడు రోజులుగా చదువుతున్నా. రెండు మడులకి ఇంత చర్చ జరిగితే మా నాలుగెకరాలకి అసెంబ్లీ పెట్టాలి.

తమ్మీ, పంటల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. బ్రోకలీ, స్ట్రాబెర్రీ ఈ ఏడాదికి మర్చిపో. క్యాప్సికం కూడా. తొలకరికి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, తోటకూర, గోంగూర. వంగ, మిరప నారు ఇప్పుడే ట్రేలో పోసుకో, మడి తయారయ్యేలోపు నెల నారు అవుతుంది. టమాట రెండు దఫాలు: జూన్ చివర కొంచెం, అసలైనది అక్టోబరులో. క్యారట్, ముల్లంగి, పాలకూర, మెంతి, కొత్తిమీర చలి మొదలయ్యాక. పాదు చిక్కుడు జులైలో పెట్టు. తొందరపడి ముందు పెట్టినా లాభం లేదు, పగళ్లు పొట్టివైతేనే అది పూతకొస్తుంది.

మాగిన ఎరువు ఒక 100 కిలోలకి రెండు కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లని ఆపే మంచి బూజు), పది కిలోల వేపపిండి కలిపి, తడి చల్లి, గోనెపట్టా కప్పి నీడలో రెండు వారాలు ఉంచు. వేరుకుళ్లు చాలా వరకు ఆగుతుంది. ఇది పొలం లెక్క, నువ్వు తగ్గించుకో.

ఐదో_అంతస్తు (విజయవాడ), మే 15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది అపార్టుమెంటు, టెర్రస్ మాదే. ఇదే 8 × 4 మడి, 15 అంగుళాల ఎత్తు, పైన కట్టుకోవచ్చా? ఎండ సమస్యే లేదు.

సిమెంటు_సంచి (రాజమండ్రి), మే 15

అమ్మా, కట్టకండి. 40 ఘనపుటడుగుల తడిమన్ను తేలిగ్గా 1,800 కిలోలు. మనుషులు తిరిగే స్లాబుకి మన ఐఎస్ 875 ప్రమాణంలో లెక్కకట్టే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. మీ మడి మూడు చదరపు మీటర్లు, అంటే 450 కిలోలు. మీరు అడుగుతున్నది దానికి నాలుగింతలు. దానికి తోడు స్లాబు మీద నేరుగా తడి ఉంటే చెమ్మ కింది ఫ్లాటులో దిగి, ఆ ఇంటివాళ్లు మీ తలుపు తడతారు.

మిద్దె తోట మానమనడం లేదు. దూలాల మీదుగా, పిట్టగోడల వెంట, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు ట్రేలు, కోకోపీట్ ఎక్కువ కలిపిన తేలిక మన్ను, కింద స్టాండు. ఆకుకూరలకి ఆ లోతు చాలు. పెద్దగా ఏం చేయాలన్నా మీ బిల్డింగ్ డ్రాయింగ్ పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజినీరుని కలవండి. ఇక్కడ నేను చూడకుండా చెప్పేది వద్దు అనడం వరకే.

ఫ్రిస్కో_దోసకాయ (టెక్సాస్), మే 16

మా డాలస్ వైపు కూడా నల్లటి బంకమన్నే, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అందరం ఎత్తుమడులే. మాకు ఇక్కడ సీడర్ చెక్క దొరుకుతుంది కాబట్టి నడుస్తోంది. పాత చెక్కతో జాగ్రత్త, 2003 ముందు ఇళ్లకి వాడినదాంట్లో ఆర్సెనిక్ మందు పట్టించినవి ఉండేవి.

మాకు లెక్కంతా మంచు మీదే. మార్చి మధ్యలో చివరి మంచు, నవంబరులో మళ్లీ మొదలు. ఈ మధ్యలోనే అన్నీ. మే, జూన్‌లో కాసిన టమాట జులైలో పూత రాలుస్తుంది, రాత్రులు కూడా వేడే కదా. అప్పుడు మా బతుకు గోంగూర, బెండ, దోస. గోంగూర ఎంత వస్తుందంటే పార్కింగ్‌లో కార్లు తాళం వేసుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు లోపల కట్ట పెట్టి వెళ్తారు.

కొత్తకాపు (ఘట్‌కేసర్), జూన్ 14

అప్‌డేట్. రెండు మడులు అయ్యాయి. బండలే. తాండూరు అన్నా, నువ్వు చెప్పినట్టే మూల విరిగినవి అడిగితే షాపతను నా వైపు అదోలా చూసి ఇచ్చాడు. నేల నానబెట్టినా ఉత్తరం వైపు ఒక చోట రాయి తగిలింది. అక్కడ బండ నాలుగంగుళాలే దిగింది, కొంచెం వాలింది.

మన్ను సీసా పరీక్షలో మొదటి ట్రాలీ ఫెయిల్. సగం కన్నా ఎక్కువ బంక. డ్రైవర్ ‘మన్నుకి కూడా పరీక్షలా సార్’ అన్నాడు. రెండోది పాసైంది. మన్ను మోసింది నేనూ మా ఆవిడా, ఆదివారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టాను, కారణం కుటుంబ కార్యం అని రాశా.

బెండ (అర్కా అనామిక), బీర, గోరుచిక్కుడు, తోటకూర విత్తాం. వంగ, మిరప నారు నాటాం. ఒక ప్రశ్న: ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు మొక్కలకి పోయొచ్చా? రోజూ రెండు బకెట్లు వృథా.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), జూన్ 14

ఆర్‌ఓ నీళ్ల నుంచి తీసేసిన ఉప్పంతా ఆ వదిలే నీళ్లలోనే ఉంటుంది. అసలే బోరు నీళ్లు. రోజూ పోస్తే మన్ను మీద తెల్లటి పొర కడుతుంది. బండలు కడగండి, బాత్రూం కడగండి. వర్షాకాలంలో ఎప్పుడైనా ఒక బకెట్ పోస్తే కొంపలేం మునగవు.

ఎర్రమన్ను_బాధితుడు (మియాపూర్), జూన్ 15

జీవామృతం మొదలుపెట్టండి, పేడతో పులియబెట్టి మన్నుకి పోసేది. ప్రకృతి సేద్యం సుభాష్ పాలేకర్ గారి పద్ధతి: 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టుమన్ను గుప్పెడు. నా ఇటుకమన్ను దారికొచ్చింది దాంతోనే.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), జూన్ 15

ఆ 200 లీటర్లు ఎకరానికి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మన కొత్తకాపు గారివి 72. భాగిస్తే లీటరులో మూడో వంతు వస్తుంది. డ్రమ్ము అక్కర్లేదు, చెంబు చాలు.

రైతుబిడ్డ (ఖమ్మం), జూన్ 15

మాస్టారుకి పొలం ఇస్తే పేడ కూడా గ్రాముల్లో తూస్తాడు. ఒక బకెట్ చేసుకో తమ్మీ, పదింతలు నీళ్లు కలిపి పోయి. ఎక్కువైనా ఏం కాదు. దాని వల్లే ఇటుకమన్ను మారిందని మాత్రం నేననను. ఆయన మధ్యలో ఆరు బస్తాల ఎరువు కూడా వేశాడు, పాత పోస్టుల్లో ఉంది.

కొత్తకాపు (ఘట్‌కేసర్), ఆగస్టు 3

మాస్టారూ, ఇవాళ తేదీ గుర్తుందా? 12:20 ప్రాంతంలో మబ్బు ఓ పది నిమిషాలు తప్పుకుంది. స్టీలు గ్లాసు బోర్లించి పెట్టా, నిజంగానే పక్కన నీడ లేదు. మా అమ్మాయి మళ్లీ మళ్లీ వేరే గ్లాసులు తెచ్చి పెట్టి చూసింది.

ఇక బాధలు. మన్ను నాలుగంగుళాలు కుంగింది, మిగిల్చిన తట్టలన్నీ అయిపోయాయి. బెండ ఓ వారం బాగా కాసింది, ఇప్పుడు నాలుగు మొక్కల ఆకులు ఈనెలు పసుపెక్కి వల అల్లినట్టున్నాయి. బీర పాదుకి పిందెలు వేలెడై వాడి రాలిపోతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, నిన్న కోతులు వచ్చాయి. పదకొండు. వంకాయలన్నీ కొరికి కొరికి పారేశాయి, తిన్నా బాధపడేవాణ్ని కాదు.

రైతుబిడ్డ (ఖమ్మం), ఆగస్టు 3

బెండది శంఖు రోగం. వైరస్, మందు లేదు. ఆ నాలుగు మొక్కలు ఈ సాయంత్రమే పీకి దూరంగా పారేయి, జాలిపడకు. తెల్లదోమ మోసుకొస్తుంది దాన్ని. పసుపు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో రెండు కట్టు, వేపనూనె లీటరుకి ఐదు మిల్లీ, చిటికెడు సబ్బు కలిపి ఆకుల అడుగున తగిలేట్టు కొట్టు. అర్కా అనామిక తట్టుకునే రకమే అంటారు, కానీ తట్టుకోవడం వేరు, అసలు రాకపోవడం వేరు.

గట్టుమీద_గోంగూర (గుంటూరు), ఆగస్టు 3

బీరకి మొగపువ్వు పుప్పొడి అందట్లేదు. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకి తేనెటీగలు ఇంటికెళ్లిపోతాయి. దీపాలు పెట్టే వేళ మొగపువ్వు తెంపి, రెక్కలు వెనక్కి విరిచి, పిందె ఉన్న పువ్వు మధ్యలో నెమ్మదిగా అద్దండి. కాకర, గుమ్మడి అయితే పొద్దున్నే. పిందె మీద సూదితో పొడిచినట్టు చుక్కలుంటే మాత్రం అది పండు ఈగ. దానికి క్యూ లూర్ (మగ ఈగల్ని రప్పించే వాసన మందు) ఎర పెట్టిన బుట్ట కట్టాలి.

కోతులకి నా దగ్గర సమాధానం లేదు. మా వీధిలో అందరూ గోంగూర, కరివేపాకు, పచ్చిమిర్చి వేసుకుని బతుకుతున్నాం. నా పేరు చూశారుగా.

తాండూరు_బండ (వికారాబాద్), ఆగస్టు 4

ఇనుప పైపులతో ఆరున్నర అడుగుల ఎత్తు పంజరం చేసి జాలి కట్టించు అన్నా. ప్లాస్టిక్ జాలి పళ్లతో కొరికేస్తాయి, ఇనుపదే వేయించు. రెండు మడులే కాబట్టి అయ్యే పని. ఎనిమిది వేసుంటే చిడియాఖానా అయ్యేది. వేసవిలో అదే పంజరం పైన షేడ్ నెట్ పరుచుకోవచ్చు, సగం ఎండ ఆపేది.

కొత్తకాపు (ఘట్‌కేసర్), డిసెంబరు 22

చాలా రోజులైంది. కార్పెంటర్‌కి ఇవ్వకుండా మిగిలిన డబ్బులో సగం పైగా పంజరం తినేసింది. అక్టోబరులో పన్నెండు టమాట మొక్కలు ఉత్తరం మడిలో పెట్టాను, అడుగుకి కాస్త ఎక్కువ ఎడంతో, మధ్య మధ్య బంతి. వెనక పందిరి మీద చిక్కుడు విరగబూసింది. తూర్పు మడిలో పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి. క్యారట్ వేశాను, వేలెడు పొడుగున మూడు కాళ్లతో వచ్చింది, మన్నులో రాళ్లు సరిగా ఏరలేదు.

అసలు విషయం. ఇవాళ మధ్యాహ్నం వెళ్లి నిలబడ్డా. ఇంటి నీడ వచ్చి ఉత్తరం మడికి రెండు జానల దూరంలో ఆగింది. టమాట మొత్తం ఎండలో ఉంది. నేను మొదట గీసిన ఎనిమిది పెట్టెల చోటు చూస్తే, ఐదు పూర్తిగా చీకట్లో, చెప్పులకి చల్లగా తగులుతోంది. అక్కడ మా అత్తగారు కుర్చీ వేసుకుని చిక్కుడు ఈనెలు తీస్తున్నారు. ఈశాన్యం పుదీనా ఆవిడదే, మమ్మల్ని ముట్టుకోనివ్వరు.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), డిసెంబరు 22

రెండు జానలంటే అడుగున్నర. మడి ముందంచు ఇంటి నుంచి 21.5 అడుగులు, నీడ 20. సరిపోయింది. ఫొటో పెట్టండి, మనవడికి చూపిస్తాను.

కొత్తకాపు (ఘట్‌కేసర్), జనవరి 19

పండక్కి ఊరెళ్లొచ్చేసరికి టమాట నాలుగు కిలోల పైనే పండింది, పంజరం బయట కోతి ఒకటి కూర్చుని చూస్తోంది.

ఇంకో వార్త. తూర్పు ప్లాటులో నిన్న ముగ్గు పోశారు. పునాది తవ్వకం ఎల్లుండి అట. ఎన్ని అంతస్తులో అడిగితే మేస్త్రీ మూడు వేళ్లు చూపించాడు.

లెక్కల_మాస్టారు (సిద్దిపేట), జనవరి 19

మీ గోడ నుంచి వాళ్లు ఎన్ని అడుగులు వదులుతున్నారో టేపు పెట్టి కొలిచి చెప్పండి. లెక్కేద్దాం.

గట్టుమీద_గోంగూర (గుంటూరు), జనవరి 19

ఈలోపు ఆ మేస్త్రీని అడిగి పైపొర మన్ను రెండు ట్రాలీలు ఇటు వేయించుకోండి. సీసా పరీక్ష చేశాకే.